కేకు మీద ఖాళీ

ఆ ఖాళీ మరీ పెద్దదిగా వదిలించాడు ఫుర్కాన్, అంత చిన్న కేకు మీద అంత తెల్లటి బయలు దేనికి, ఏ జట్టు పేరైనా అందులో సగానికి సరిపోతుంది, అయినా ఆయనకు ఏదైనా విశాలంగానే ఉండాలి, టార్నీట్‌లో పెట్టిన కిరాణా కొట్టు బోర్డయినా, నవ్వయినా, పైన కంగ్రాచ్యులేషన్స్ కిట్టూ అని నీలి అక్షరాలు, కింద ఏమీ లేదు, జట్టు పేరు చదవంగనే నేనే రాస్త ఉపేంద్ర భాయ్, గా పని బేకరీవానికి చెప్పలే, అంటూ క్రీము నింపిన కాగితపు పొట్లాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు, ఇంత చలిలో పొద్దున్నే స్నానం చేసి అత్తరు పూసుకుని వచ్చిన ఆ స్నేహితుణ్ణి చూడలేక ఉపేంద్ర టీవీ వైపు తిరిగాడు, ఇక్కడ ఆదివారం ఉదయం, టీవీలో అమెరికాకు ఇంకా శనివారం సాయంత్రమే, అక్కడి ఫుట్‌బాల్ డ్రాఫ్టు ఆఖరి రౌండులో పడింది, కాలేజీల నుంచి వచ్చిన కుర్రవాళ్ళను జట్లు వరసగా ఒక్కొక్కరినే పేరు పిలిచి తీసుకునే తంతు అది, పోయినేడు అందరికంటే హీనంగా ఓడిన జట్టుకు మొదటి పిలుపు, గెలిచినవారికి చివరి పిలుపు, మొత్తం ఏడు రౌండ్లు, పిలిచిన వరసను బట్టే నాలుగేళ్ళ ఒప్పందానికి ధర, అందులో బేరాలు లేవు, ఇదంతా తానే ఈ నెలరోజులుగా గుడిలోనూ కొట్టులోనూ ఎదురైన ప్రతివారికీ విడమరిచి చెప్పాడు, మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదే అనుకోండి, ర్యాంకును బట్టి సీటు, అని ఒక్క మాట అనేసరికి అందరికీ అర్థమైపోయింది, అర్థం కావడమే కాదు, అందరూ ఇవాళ వచ్చి కూర్చున్నారు కూడా, పక్క పేట వెర్రిబీ నుంచి శ్యామసుందరి గారు పట్టుచీర కట్టుకుని మరీ వచ్చారు, ఏ రౌండైతేనేం అన్నయ్యగారూ, చివరి రౌండైనా డ్రాఫ్టు డ్రాఫ్టే కదా, మావాడికి మెడిసిన్ సీటు సెకండ్ లిస్టులో వచ్చిందని ఇప్పుడెవరైనా అడుగుతున్నారా, అని ఓదార్పో చురకో తేలని మాట ఒకటి విసిరి ఇడ్లీ మీద పచ్చడి వేయించుకున్నారు, ఫుర్కాన్ మాత్రం, నాకింకా ఒకటి సమజ్ కాలే భాయ్, ఆటకు ఫుట్‌బాల్ అని పేరు, అందర్లు చేతుల్తోనే ఉరుకుతరు, ఫుట్టు పెట్టేటోడు మన కిట్టు ఒక్కడు, వాణ్ణే ఆఖర్న జూస్తరు, ఇదేం ఇన్సాఫ్, అన్నాడు, గదంతా నవ్వింది, ఉపేంద్ర కూడా నవ్వాడు, నవ్వుతూ చొక్కా జేబు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

ఆ జేబులో ఉన్నది తన ఫోను కాదు, కొడుకు కిట్టుది, తెల్లవారుతూనే గరాజులో వంగి బూట్ల తాళ్ళు బిగించుకుంటూ వాడు చేతికిచ్చినది, లోపల జనం మధ్య కూర్చోలేను నాన్నా, వెనక ఓవల్ గ్రౌండులో బంతులు తన్నుకుంటాను, ఫోను నీ దగ్గరుంచు, ఇంకెవరు చేసినా పరుగెత్తుకొచ్చి నాకివ్వు, కాని అక్క చెప్పిన ఆ ఒక్క జట్టు చేస్తే మాత్రం నాకివ్వద్దు, నువ్వే చెప్పెయ్, వద్దని, అన్నాడు, అదేమిట్రా, నీ ఆట, నీ పిలుపు, నీ నోటితో నువ్వు చెప్పుకోక, అంటే వాడు తల ఎత్తలేదు, ఐ కాంట్ నాన్నా, అంత పెద్ద గొంతు ఆ చివర్నుంచి నీ పేరు పిలుస్తాం రమ్మంటే నేను సరేననేస్తాను, ఐ నో మైసెల్ఫ్, నువ్వైతే అనగలవు, ప్రామిస్? అన్నాడు, ఇరవైమూడేళ్ళ కుర్రవాడు, గరాజు తలుపు నిండా భుజాలు, గొంతు మాత్రం చిన్నప్పుడు టూవూంబా ఇంట్లో చీకటి గదిలో దీపం ఆర్పవద్దని అడిగినప్పటి గొంతు, సరే ప్రామిస్ అన్నాడు తాను, చేతిలో చెయ్యి కూడా వేశాడు, వేస్తున్నప్పుడు ఆ జట్టు ఎక్కడ పిలుస్తుందిలే అనే ధైర్యం కొంత ఉంది, మాట ఇచ్చేటప్పుడు అది నిజంగా నిలబెట్టుకోవలసి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు, ఒక్కటి మాత్రం వాడికి చెప్పలేదు, వాడి పేరు వినబడితే తలనీలాలు ఇస్తానని తాను ఏడుకొండలవాడికి మొక్కుకున్న సంగతి, స్వామీ, మా కృష్ణకౌశిక్ పేరు నలుగురిలో గట్టిగా వినబడనీ, అదొక్కటే, ఇంకేమీ అడగను, అని పోయిన శనివారం దీపం ముందు నిలబడి కళ్ళు మూసుకుని అడిగాడు, అడిగిన తరువాత ఎంత హాయిగా నిద్రపట్టిందో, ఇప్పుడు జేబులో ఆ ఫోను వణికింది, గుండె మీదే వణికింది, మొదట గుండే అనుకున్నాడు.

అమెరికా నంబరు, అతిథుల మోకాళ్ళు దాటుకుని, క్షమించండి, క్షమించండి అంటూ అద్దాల తలుపు తోసి పెరట్లోకి వచ్చేసరికి మంచు ముఖాన కొట్టింది, హలో అన్నాడు, అవతల ఎవరో నిదానమైన మనిషి, అమెరికా దక్షిణాది యాస, మాటను నమిలి నమిలి వదిలే గొంతు, కౌశిక్ ఉన్నాడా అని అడిగాడు, వాడి తండ్రిని మాట్లాడుతున్నాను సర్, ఏమైనా ఉంటే నాకు చెప్పవచ్చు, అనగానే ఆ మనిషి సంతోషించినట్టే ఉన్నాడు, ఓ, నాన్నగారా, గుడ్ మార్నింగ్ అనాలి కదూ మీకు, అని తన జట్టు పేరు చెప్పాడు, అదే, ఆ ఒక్క జట్టే, ఉపేంద్ర కంచె రేకు పట్టుకున్నాడు, రేకు మంచుగడ్డలా ఉంది, మా వంతు మరి కాసేపట్లో వస్తోంది సార్, మీ అబ్బాయి కాలు మాకు నచ్చింది, పేరు చదివించాలని మా గదిలో మాట్లాడుకుంటున్నాం, వాడికి ఇష్టమేనా అని ముందుగా ఒక మాట, అంటూండగానే వెనకనుంచి ఎవరో పిలిచినట్టున్నారు, ఒక్క క్షణం లైనులో ఉండండి సార్, ఎక్కడికీ పోకండి, అని గొంతు దూరమైపోయింది, ఫోనులో వాళ్ళ గది రొద, కుర్చీలు, దగ్గులు, ఎవరిదో నవ్వు, కంచె అవతల మంచులో ధప్, మళ్ళీ ధప్, కిట్టు బంతి తన్నుతున్న చప్పుడు, చేతిలోంచి బంతిని జారవిడిచి, అది నేల తాకకముందే ఆకాశానికి పంపే ఆ ఒక్క విద్యతో వాడు సముద్రాలు దాటి అమెరికా కాలేజీకి వెళ్ళాడు, రెండు చప్పుళ్ళ నడుమ చెవి ఒకటి అమెరికాలోనూ ఒకటి ఓవల్‌లోనూ చిక్కుకుని ఉపేంద్ర నిలబడిపోయాడు.

చెప్పెయ్యవచ్చు, ఆ మనిషి లైనులోకి రాగానే వద్దండీ అని ఒక్క ముక్క, ఎందుకు వద్దో కూతురు సింధుజ చెప్పనే చెప్పింది, నిన్న రాత్రి దోసెలు పోస్తూ అట్లకాడతో గాలిలో లెక్కలు వేసి మరీ చెప్పింది, అక్కగా కాదు, ఒప్పందాలు చదివి పెట్టే లాయరుగా, చూడు నాన్నా, మొదటి రౌండులో వాళ్ళకు ఇచ్చేదానికీ ఆఖర్న వాళ్ళకు ఇచ్చేదానికీ కొండకీ గులకరాయికీ ఉన్నంత తేడా, కాని ఆఖర్న పిలిచినవాడికీ అసలు పిలవనివాడికీ పెద్దగా తేడా లేదు, సంతకం రోజున చేతిలో పెట్టేది ఒక్కటే ఖాయం, మిగతా జీతం జట్టులో ఉన్నంత కాలమే, పొమ్మంటే పోవడమే, మరి తేడా ఎక్కడుందంటే, పిలిస్తే వాడు వాళ్ళ సొత్తు, నాలుగేళ్ళు, ఇంకెవరూ వేలు పెట్టడానికి లేదు, పిలవకపోతే డ్రాఫ్టు ముగిసిన క్షణంలో వాడు ఫ్రీ, ఎక్కడ చోటుంటే అక్కడికి తానే చూసుకుని వెళ్ళవచ్చు, చోటున్నవి రెండు జట్లున్నాయని ఏజెంటు అన్నాడు కదా, తన్నేవాడు లేడు వాళ్ళకు, కాని తన్నేవాడి కోసం డ్రాఫ్టు వంతు ఖర్చుపెట్టరు, అయిపోగానే ఫోను చేస్తామన్నారు, అని, మరి ఈ జట్టుకు వీడెందుకే అని తాను అడిగితే, వాళ్ళకు తన్నేవాడు ముప్ఫైనాలుగేళ్ళాయన ఒకాయనున్నాడు, మంచి ఆటగాడు, జీతం ఎక్కువ, తగ్గించుకోమంటే వినడంలేదు, అందుకని కుర్రవాణ్ణి ఒకణ్ణి చౌకగా తెచ్చి ఆయన ఎదురుగా నిలబెడతారు, ఆయన భయపడి సంతకం పెట్టగానే మనవాణ్ణి ఆగస్టులో ఇంటికి పంపుతారు, అప్పటికి ఆ రెండు చోట్లూ నిండిపోయి ఉంటాయి, దట్స్ హౌ దే డూ ఇట్ నాన్నా, వాళ్ళు కిట్టుని కొనుక్కోవడం లేదు, ఆయన్ని బెదిరించే కర్రను కొనుక్కుంటున్నారు, అని దోసె తిరగేసింది, మాడింది, అది నాకు వెయ్యి అని కిట్టు పళ్ళెం చాచాడు.

కాని ఆ రెండు జట్లూ ఇచ్చింది ఉత్త మాట, కాగితం కాదు, మాట తప్పితే, డ్రాఫ్టు ముగిసి ఫోను మోగకపోతే, ఇటు వద్దనుకున్నదీ పోయి అటు నమ్ముకున్నదీ పోయి వాడు ఈ పెరట్లో ఈ కంచె పక్కన నిలబడితే అప్పుడు వాడి ముఖం ఎవరు చూడాలి, వద్దన్నవాడే చూడాలి, ఉపేంద్రకు హైదరాబాదు కౌన్సెలింగ్ హాలు కళ్ళముందు నిలిచింది, అప్పుడు తాను పదిహేడేళ్ళవాడు, చంకలో సర్టిఫికెట్ల సంచి, ఎదురుగా పెద్ద బోర్డు మీద సీట్లు ఒక్కొక్కటే చెరిగిపోతూ ఉన్నాయి, ఎలక్ట్రానిక్స్ పోయింది, మెకానికల్ పోయింది, ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా తన ప్రాణంలోంచి ఒక పోగు లాగినట్టుండేది, తన వంతు వచ్చేసరికి కొత్తగూడెంలో మైనింగు మిగిలింది, గనులంటే ఏమిటో తెలియదు, బొగ్గంటే ఇస్త్రీపెట్టెలో చూసినదే, అయినా ఇది కూడా పోతే అన్న భయంతో తీసుకుంటానండీ అనేశాడు, తన వెనక ర్యాంకువాడు, తన ఊరు తెనాలివాడే, వద్దండీ ఆగుతాను అన్నాడు, పిచ్చివాడనుకున్నారు అందరూ, నెల తిరిగేసరికి రెండో విడతలో వాడికి ఎలక్ట్రానిక్స్ వచ్చింది, ఈ కథను తాను పిల్లలకు ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పాడో లెక్కలేదు, నిన్న మాడిన దోసె తింటూ కిట్టు దాన్నే ఎత్తాడు, నువ్వే చెప్పావు కదా నాన్నా, సీటు పోతుందన్న భయంతో తీసుకున్నానని, ఆ భయం ఎలా ఉంటుందో నీకు తెలుసు, అని, అవును తెలుసు, కాని తెలిసినది అంత తేలికగా ఉందా, ఆ భయంతో తీసుకున్న సీటే కదా తనను క్వీన్స్‌లాండు బొగ్గుగనులకు తెచ్చింది, టూవూంబాలో ఇల్లు ఇచ్చింది, భార్య విద్యావతి మెడలో నాలుగు వరసలు వేసింది, పిల్లలకు ఈ దేశం ఇచ్చింది, భయపడి చేసినదంతా తప్పేనని ఎవరన్నారు, ఆగినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో, తనకంటే గొప్పగా ఉన్నాడని ఏమిటి సాక్ష్యం, చేతిలోకి వచ్చిన పిలుపును కాలదన్నడం వినయమా అహంకారమా, మొక్కుకున్నది తాను, పిలుపు పంపినది స్వామి కాదని ఎలా అనుకోవడం, మొక్కు విని ఇంత దూరం వచ్చిన అనుగ్రహాన్ని కంచె దగ్గర నిలబెట్టి వెనక్కు పొమ్మనడమా, ధప్, ఓవల్‌లో మళ్ళీ, కొంచెం ఆగి మళ్ళీ, అద్దం వెనక విద్యావతి నిలబడి ఉంది, చేతిలో గరిటె, కనుబొమలతో ఎవరని అడుగుతోంది, ఆమె భుజం మీదుగా ఫుర్కాన్, ఆయన వెనక పట్టుచీర అంచు, ఇంట్లోని కళ్ళన్నీ ఈ చెవి దగ్గరికి వచ్చి ఆగాయి.

సారీ సార్, ఉన్నారా, అంది ఫోను, ఉన్నాను సర్ అన్నాడు ఉపేంద్ర, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఆ మనిషి ఇప్పుడు ఇంకా మెత్తగా మాట్లాడుతున్నాడు, మోసగాడి గొంతు కాదది, మోసగాడైతే ఎంత బాగుండును, నాకూ ఒక కొడుకున్నాడు సార్, వాడు డ్రాఫ్టు దాకా రాలేదు, మోకాలు పోయింది, వాడి పేరు ఎవరైనా ఒక్కసారి ఆ మైకులో చదివితే చాలుననుకున్నాను, ఏ రౌండైనా సరే, ఏమైపోయినా సరే, జీవితమంతా చెప్పుకోవడానికి ఒకటి ఉంటుంది, మీకు తెలుసుగా, తండ్రులకు ఆ పేరు వినాలని ఉంటుంది, అన్నాడు, ఉపేంద్ర కళ్ళలో నీళ్ళు నిండాయి, ఎక్కడో సముద్రాల అవతల ముఖం తెలియని మనిషి తన మొక్కును అక్షరం పొల్లు పోకుండా తనకే అప్పజెప్పుతున్నాడు, కృష్న కౌషిక్ ఈడర అని వాళ్ళ నోట్లో ఎలా పలుకుతుందో తాను ఎన్నిసార్లు అనుకుని చూసుకున్నాడు, ఇప్పుడు పనిచేసే క్వారీకి కారులో వెళ్తూ గట్టిగా అనుకుని కూడా చూశాడు, ఎంత వంకరగా పలికినా సరే, ఆ పేరు తన తండ్రి పెట్టినది, తెనాలిలో బియ్యం పళ్ళెంలో రాసినది, ఇవాళ ప్రపంచం వింటుంది, శ్యామసుందరి గారు వింటారు, ఫుర్కాన్ ఖాళీలో రాస్తాడు, సరేనండి అనడానికి నోరు తెరిచాడు, తెరిచే ఉంది, అప్పుడు గమనించాడు ఓవల్‌లో చప్పుడు లేదని, ఎప్పటినుంచి లేదో తెలియదు, మాగ్‌పై పిట్ట ఒకటి ఎక్కడో గొంతు సవరించుకుంటోంది, దూరంగా రైలు టార్నీట్ స్టేషను దాటిపోతోంది, బంతి చప్పుడు మాత్రం లేదు, వాడు ఆగిపోయాడు, కంచె సందులోంచి చూశాడేమో, తండ్రి ఫోను చెవిన పెట్టుకుని నిలబడడం కనబడిందేమో, చూసి కూడా రాలేదు, పరుగెత్తుకు రాలేదు, ఫోను లాక్కోవడానికి రాలేదు, మంచులో ఎక్కడో బంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు, చెయ్యి వేసి ఇచ్చిన మాటను నమ్ముకుని.

పురాణాలు విన్నంత కాలమూ తండ్రి మాట నిలబెట్టిన కొడుకుల కథలకే తల ఊపాడు తాను, అడవులకు పోయారు, రాజ్యాలు వదిలారు, యౌవనాలు ఇచ్చేశారు, అవి పిల్లలకు కూడా చెప్పాడు, ఎవరి కోసం చెప్పాడు, కొడుకుకు ఇచ్చిన మాట నిలబెట్టిన తండ్రి ఆ కథల్లో ఏ మూలనున్నాడో ఒక్కనాడైనా వెతికాడా, స్వయంవర మండపంలో రాజకుమారి పూలదండ పట్టుకుని ఒక్కొక్క రాజునూ దాటుకుంటూ నడుస్తుంటే పక్కనే నడిచే తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని ఎవరో ఒకరి మెడలో పడేస్తే ఇక దానికి స్వయంవరమని పేరెందుకు, ఈ మూడు రోజులూ దండ జట్ల చేతిలో ఉంది, ఆ పిలుపులన్నీ అయిపోయాక ఎవరూ ఎంచుకోనివాడి చేతికి ఆ దండ వస్తుంది, వాడు ఎదురుచూస్తున్నది ఆ ఘడియ కోసం, దానికి ఇంక రవ్వంత దూరంలో తాను నిలబడి, వినాలనే ఆశతో, ఎవరి చెవుల ఆశ అది, సర్, అన్నాడు ఉపేంద్ర, మీ మాటకు చాలా కృతజ్ఞుణ్ణి, మీ అబ్బాయి మోకాలు బాగుండాలని ప్రార్థిస్తాను, కాని మావాడికి ఇష్టం లేదు, దయచేసి వాడి పేరు పిలవకండి, అన్నాడు, ఇంగ్లీషులో అన్నాడు, ఒక్కొక్క మాట రాతి మీద చెక్కినట్టు అన్నాడు, అన్న తరువాత కంచె రేకును వదిలాడు, పిలవాలా వద్దా అన్నది మా ఇష్టం సార్, వద్దన్నా పిలవగలం, ఆ సంగతి తెలుసు కదా, అన్నాడు ఆ మనిషి, తెలుసు సర్ అన్నాడు ఉపేంద్ర, ఇంకేమైనా మాటలుంటాయని చూశాడు, లైను తెగిపోయింది.

హాల్లోకి వచ్చేసరికి అందరూ జరిగి చోటిచ్చారు, ఉపేంద్ర కూర్చోలేదు, టీవీలో ఆ జట్టు రంగులు నిండుగా వచ్చాయి, గడువు చూపే గడియారం కిందికి పరుగెడుతోంది, ఇంతసేపూ వాడి పేరు పిలవమని అడిగిన దేవుణ్ణే ఇప్పుడు పిలవనివ్వకు అని అడుగుతున్నాడు, ఏ మొక్కూ లేకుండా ఉత్తచేతులతో అడుగుతున్నాడు, మైకు దగ్గరికి ఒకామె వచ్చింది, కాగితం విప్పింది, చదివింది, ఎవరో టెక్సస్ కుర్రవాడు, కొండంత మనిషి, తెర మీద వాళ్ళమ్మ వాణ్ణి పట్టుకుని ఏడుస్తోంది, గదిలో అయ్యో అని ఒక్కసారే అందరి ఊపిరీ జారింది, ఎవరో చప్పరించారు, శ్యామసుందరి గారు లేచి వచ్చి, బాధపడకండి అన్నయ్యగారూ, వచ్చే ఏడు మళ్ళీ రాయవచ్చు కదా, అన్నారు, లేదమ్మా ఇది రాసేది కాదు అనబోయి, చూద్దాం లెండి అన్నాడు, ఎంత జాలిగా చూస్తున్నారు అందరూ, ఈ జాలి తినవలసినదే, అందరినీ ఇంటికి పిలిచింది తానే కదా, ఫుర్కాన్ క్రీము పొట్లం మోకాలి మీద దించాడు, ఇంక రెండు మూడు పేర్లున్నయ్ భాయ్, పరేషాన్ గాకు, గింతలో ఏదన్న కావచ్చు, అన్నాడు, కావద్దు భాయ్ అన్నాడు ఉపేంద్ర మెల్లిగా, ఫుర్కాన్ అతని ముఖంలోకి చూశాడు, ఏదో అర్థమైంది కాబోలు, మరి కేకు, అన్నాడు, ఖాళీగానే ఉండనీ, వాడొచ్చి వాడే రాసుకుంటాడు, అన్నాడు ఉపేంద్ర, వంటింటి గుమ్మంలో విద్యావతి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, ఎవరండీ ఫోను, ఆ జట్టు, ఏమన్నారు, పేరు చదివిస్తామన్నారు, మీరేమన్నారు, వద్దన్నాను, ఆమె గరిటె పొయ్యి గట్టు మీద పెట్టింది, మీరా, వాడా, వాడు అడిగాడు, నేను అన్నాను, ఆమెకు కోపమొస్తుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు, పెళ్ళయిన దగ్గర్నుంచి రెండో కాఫీ వద్దని మీ చేత అనిపించలేకపోయాను, వాడు ఒక్కరోజులో ఇంత వద్దు అనిపించాడా, అంది, అని ముక్కు తుడుచుకుని, నిలబడ్డారేం మరి, వెళ్ళి చెప్పండి వాడికి, ఎంతసేపని ఆ చలిలో కూర్చుంటాడు, అంది.

పక్కగేటు తీసుకుని సందులో నడుస్తుండగా వెనక హాల్లోంచి టీవీ చప్పట్లు వినిపించాయి, డ్రాఫ్టు అయిపోయింది, ఇక ఎవరూ ఎవరినీ పిలవరు, ఆ చప్పట్లు ఆగకముందే చేతిలో ఫోను మోగింది, అమెరికా నంబరే, ఆ రెండు జట్లలో ఒకటో, ఏజెంటో, తప్పు నంబరో, తెలియదు, తెలుసుకోవాలని బొటనవేలు తెర మీదికి వెళ్ళింది, వెనక్కు తీసుకున్నాడు, ఇది తన చెవికి వచ్చినది కాదు, పరుగెత్తాడు, యాభైమూడేళ్ళ మోకాళ్ళతో, చెప్పులతో, తడిగడ్డి మీద, మోగుతున్న ఫోనును చాచిన చేత్తో పట్టుకుని, ఓవల్ మధ్యలో మంచులో వాడు ఇటు వీపు పెట్టి బంతి మీద కూర్చుని ఉన్నాడు, ఎంత దూరంగా ఉన్నాడు, వాడు చిన్నప్పుడు టూవూంబా మైదానాల్లో ఇలాగే ఉండేవాడట, చీకటి పడినా రాడట, విద్యావతే వెళ్ళి పిలిచేదట, అప్పుడు తాను రెండు వారాలు గనిలో ఒక వారం ఇంట్లో, ఇంట్లో ఉన్న వారం నిద్ర, ఒక్కసారి కూడా మైదానం అంచున నిలబడి వాణ్ణి పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, మోగుతోంది, ఆగిపోతుందేమో, గుండెలనిండా చలిగాలి తీసుకున్నాడు, ఈదర కృష్ణకౌశిక్, అని అరిచాడు, మైకులో చదివేవారు చదవలేనంత స్పష్టంగా, ఇంటిపేరుతో సహా, ఓవల్ అవతలి ఇళ్ళ రేకుల కంచెలకు తగిలి ఆ పేరు తిరిగి వచ్చింది, వాడు దిగ్గున లేచాడు, తండ్రి చేతిలో వెలుగుతున్న ఫోను చూశాడు, పరుగు అందుకున్నాడు, వెనక గేటు దగ్గర ఫుర్కాన్ కేకు పట్టుకుని, విద్యావతి, సింధుజ, పట్టుచీర, అందరూ వచ్చి నిలబడి ఉన్నారు, అందరూ విన్నారు, ఉపేంద్ర రొప్పుతూ ఆగి, ఇంకా వెచ్చగా ఉన్న గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు, ఆ చెయ్యి దానంతటదే తలమీది జుట్టు మీదికి వెళ్ళింది, నలుగురిలో గట్టిగా వినబడాలనే కదా అడిగాడు తాను, ఎవరి గొంతుతోనో చెప్పలేదు, అది తన దగ్గరే ఉందని ఇన్నేళ్ళూ తెలియలేదు, మొక్కు చెల్లించవలసిందే.